గోడకొక నిజం కిటికీ

కొత్తగా ఇల్లు కట్టుకున్న ప్రతి మనిషీ తన గోడకు ఒక కన్నం పెట్టుకుని తీరాలని చట్టం రావాలి. ఈ మాట నేను తొందరపడి అంటున్నది కాదు. బాగా ఆలోచించి, మధ్యలో టీ తాగి, మళ్ళీ ఆలోచించి మరీ రాస్తున్నాను.

కంగారు పడకండి. దొంగలు వేసే కన్నం గురించి కాదు నేను చెప్పేది. అది బయటివాళ్ళు లోపలికి రావడానికి. నేను చెప్పేది లోపలి సంగతి బయటికి రావడానికి. అరచేయంత చాలు. దాని చుట్టూ చెక్క ఫ్రేము, పైన గాజు తలుపు, తలుపుకు చిన్న పిడి. ఇంత చిన్న వస్తువు మన సమాజాన్ని ఎంత బాగుచేయగలదో వివరంగా చెబుతాను. తీరిక చేసుకుని వినండి.

మా ఇల్లు గడ్డితో కట్టాం. కప్పు కాదు, గోడలు! ఇక్కడ నవ్వాలనుకున్నవాళ్ళు నవ్వేయండి, ఆగుతాను. మా చుట్టాలు నవ్విన దాంతో పోలిస్తే మీరు నవ్వేదెంత? ఎండుగడ్డిని మెషీన్లో వేసి, పెట్టెల్లా నొక్కి, తాళ్ళతో బిగించి కట్టిన మోపులు దొరుకుతాయి. వాటిని పెద్ద పెద్ద ఇటుకల్లా వరసలు పేర్చి, రెండు వైపులా ఇనుప జాలీ కుట్టి, మీద మట్టితోనూ సున్నంతోనూ ప్లాస్టరింగ్ చేస్తారు. గోడ మూరెడు మందం వస్తుంది. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. పక్కింటివాళ్ళ మిక్సీ వినపడదు. నిజానికి ఈ ఆఖరి గుణం ఒక్కటి చూసే నేను ఒప్పుకున్నాను.

చిక్కల్లా ఒక్కటే. ప్లాస్టరింగ్ పూర్తయ్యాక అది అందరి గోడల్లాగే కనిపిస్తుంది. లోపల గడ్డి ఉందంటే ఎవరు నమ్ముతారు? ఇంత తంటాలు పడి గడ్డి ఇల్లు కట్టుకుని, చివరికి మామూలు ఇంట్లో కాపురం ఉన్నట్టు కనబడితే ఎలా? అందుకని ఈ రకం ఇళ్ళు కట్టేవాళ్ళు ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. గోడంతా పూసి, ఒక్కచోట మాత్రం పూయకుండా వదిలేసి, దానికి ఫ్రేము బిగిస్తారు. వచ్చినవాళ్ళు గాజు తలుపు తీసి, లోపల గడ్డిని కళ్ళారా చూసి, వేలితో పొడిచి, తృప్తి పడి వెళతారు.

దీని పేరు విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లీషులో ట్రూత్ విండో అంటారు. నేను దాన్ని 'సత్యగవాక్షం' అని తెలుగు చేశాను. మా ఆవిడ అది విని, ఆ మాట పలకడం పూర్తయ్యేలోపు వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు, 'నిజం కిటికీ' చాలంది. మా తోడల్లుడు మాత్రం దాన్ని 'చిల్లు' అంటాడు.

పేరు ఏదైనా, దాని అవసరం గురించి ఆలోచించండి. మనం ఏ కాలంలో బతుకుతున్నాం? పళ్ళరసం డబ్బా మీద పండు బొమ్మ ఉంటుంది, లోపల పండు తప్ప అన్నీ ఉంటాయి. అసలైన తేనె అని రాసిన సీసా వైపు చీమ కూడా చూడదు. టేకు సోఫా అని కొంటాం. బొద్దుగా ఉండే చుట్టం ఒకరు వచ్చి కూర్చున్న రోజున కాలు విరిగి, లోపలి నుంచి రంపపుపొట్టు రాలుతుంది. అదే సోఫాకు షాపులోనే ఒక నిజం కిటికీ ఉండి ఉంటే ఆ చుట్టంతో మన సంబంధాలు ఇప్పటికీ బాగుండేవి కాదా?

సోఫాతో ఆగడం ఎందుకు? మా ఆఫీసులో మేనేజరు ఉన్నారు. మీటింగులో ఎవరేం చెప్పినా గంభీరంగా తల ఊపుతారు. ఆ తల వెనకవైపు, జుట్టు పలచబడిన చోట, చిన్న గాజు తలుపు ఒకటి బిగించామనుకోండి. ఎంత సమయం కలిసొస్తుంది! మనం ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైందో చెమటలు కక్కుతూ వివరిస్తున్నంతసేపూ లోపల భోజనం గురించే నడుస్తోందని తెలిస్తే, మనమూ నాలుగు ముక్కల్లో ముగించి భోజనానికి వెళ్ళిపోవచ్చు.

'దార్లోనే ఉన్నా సార్, వచ్చేస్తున్నా' అని దుప్పటి కప్పుకుని ఫోన్లో చెప్పే ప్లంబరుకు ఒకటి. 'అబ్బే, ఏం లేదు' అంటూనే కాగితం నిండా పరీక్షలు రాసే డాక్టరుకు ఒకటి. మన పుస్తకం చదివానని, చాలా బాగుందని చెప్పే మిత్రుడికి రెండు. 'నాకేం కోపం లేదు' అనే భార్యకు మాత్రం అక్కర్లేదు. అక్కడ గోడ బయటి నుంచే అంతా తెలిసిపోతుంది.

ఇక మా తోడల్లుడి సంగతి చెప్పాలి. ఆయన మా ఆవిడ అక్క మొగుడు. సిమెంటు వ్యాపారి. ఊళ్ళో సగం గోడల్లో ఆయన సిమెంటు ఉంది, మిగతా సగం గోడల మీద ఆయన అభిప్రాయాలు ఉన్నాయి. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను వేలితో తట్టి, చెవి వేసి విని, ఆ తరవాతే ఇంటివాళ్ళను పలకరిస్తాడు. ఏ గోడనైనా ఆయన బాగుందని అన్నట్టు రెండు కుటుంబాల్లోనూ ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆయన నా గోడను మెచ్చుకోవాలని నాకేమీ లేదు. ఈ విషయం ఇక్కడే స్పష్టం చేస్తున్నాను. అవసరమైతే మళ్ళీ చేస్తాను.

మా ఇల్లు తయారయ్యేదాకా వాళ్ళ మేడ మీది గదిలోనే ఉన్నాం. మనిషి మంచివాడు. మాకు ఏ లోటూ రానివ్వలేదు. రోజూ పొద్దున్నే కాఫీ ఇచ్చి, ఇవాళ మన ఇంటిని ఎవరైనా మేసిపోయారా తమ్ముడూ అని అడిగేవాడు. గోడలు లేచాక ఒక రోజు తనంతట తనే, ప్లాస్టరింగుకు ఎంత సిమెంటు కావాలంటే అంత తన కానుక అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా వర్క్‌షాప్ మాస్టారికి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ఈ మాస్టారు మాకు గడ్డి గోడల పని నేర్పిన మనిషి. గడ్డి ఊపిరి పీల్చుకోవాలట. సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గడ్డి కుళ్ళిపోతుందట. సున్నమైతే చెమ్మను బయటికి వదిలేస్తుందట.

సిమెంటు వ్యాపారికి, మీ సిమెంటు మా గోడకు పడదండీ అని ఎవరు చెబుతారు? నేను మా ఆవిడతో చెప్పాను, ఆవిడ వాళ్ళ అక్కతో చెప్పింది, వదినగారు భోజనాల దగ్గర ఆయన చెవిన వేశారు. ఆయన భోజనం ముగించాడు. చేయి కడుక్కుని వచ్చి నా వైపు తిరిగాడు.

"సున్నం పని ఆషామాషీ కాదు తమ్ముడూ. చెయ్యి తిరిగినవాళ్ళే మానేశారు. నువ్వు పూసిన గోడ ఎలా ఉంటుందో అప్పుడు చూద్దాంలే."

అంతే అన్నాడు. ఆ మాటకు నాకేమీ పౌరుషం రాలేదు. ఆ రోజే తాపీ కొనడానికి వెళ్ళడం కేవలం యాదృచ్ఛికం.

ప్లాస్టరింగ్ గురించి చెప్పి మీ సమయం తినను. అది చెప్పుకోదగ్గ పనే కాదు. మోపుల అంచులు రంపంతో సమంగా కోయాలి. మోపుకూ మోపుకూ మధ్య సందుల్లో బురదలో ముంచిన గడ్డిని కూరాలి. తరవాత పలచటి మట్టిని చేత్తో గడ్డిలోకి ఎక్కించాలి. చేత్తోనే. గ్లౌజులు వేసుకుంటే గడ్డి మట్టిని ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో తెలియదు. వేసుకోకపోతే సాయంత్రానికి ఆ వేళ్ళు ఎవరివో తెలియదు. దాని మీద మొదటి పూత. అది ఆరీ ఆరకముందే మేకుల దువ్వెనతో గీతలు పెట్టాలి, లేకపోతే రెండో పూతకు పట్టు దొరకదు. రెండో పూతను పొడుగాటి బద్దతో సమం చేయాలి. మూడోది సున్నం, సన్న ఇసుక. దాన్ని వీలైనంత పలచగా లాగాలి. మధ్యలో ఆపకూడదు. ఆపితే ఆపినచోట అతుకు కనిపిస్తుంది. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించాలి. తొందరగా ఆరితే పగుళ్ళు, ఎక్కువ తడిస్తే జారుడు. నా భుజం పట్టేసి, తల దువ్వుకోవాలంటే తలనే దువ్వెన దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చేది. చెప్పాను కదా, చెప్పుకోదగ్గ పని కాదు.

మొదటి పూత రోజున మాత్రం జనం విరగబడి వచ్చారు. ఏ పనికైనా వర్క్‌షాప్ అని పేరు పెట్టి చూడండి, బురద తొక్కడానికి కూడా క్యూ కడతారు! మా ఆఫీసువాళ్ళు, మా ఆవిడ పనిచేసే లైబ్రరీవాళ్ళు, ఎవరి తరఫునో తెలియని వాళ్ళు, అందరూ ప్యాంట్లు మడిచి మట్టిలో దిగారు. పాటలు పాడారు. ఒకరి మొహాన ఒకరు మట్టి రాసుకుని ఫొటోలు తీసుకున్నారు. ప్రకృతికి ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. గోడకు పట్టిన మట్టికన్నా ఫోన్లకు పట్టిందే ఎక్కువ. రెండో పూతకు వాళ్ళలో కొందరికి జలుబు చేసింది, కొందరికి ఊరి ప్రయాణాలు తగిలాయి. మూడో పూతకు మిగిలింది నేనూ, మా ఆవిడా, తాపీ.

మా ఆవిడ సున్నం కలిపి ఇచ్చేది, నేను పూసేవాణ్ణి. కలపడం అయ్యాక ఆవిడ వరండాలో కూర్చుని నిజం కిటికీ ఫ్రేముకు చెక్కముక్కలు కోస్తూ, గీకుతూ ఉండేది. నాకు ఆ వైపు చూసే తీరిక ఎక్కడిది? ఆఫీసుకు సెలవులు పెట్టి, మబ్బు పట్టినప్పుడల్లా ఆకాశం వంక బెదురుగా చూస్తూ, ఎలాగైతేనేం, వానలకు ముందే ఆ గోడ పూర్తి చేశాను.

ఆ గోడ ఎలా వచ్చిందో నేను చెప్పుకోకూడదు. పొద్దుటి వెలుతురు దాని మీద ఏటవాలుగా పడితే ఒక్క ఎగుడు, ఒక్క దిగుడు కనిపించదని, కిటికీల దగ్గర మూలలు గుండ్రంగా తిరిగి చెయ్యి దానంతట అదే జారుతుందని, ఇలాంటివి వేరేవాళ్ళు చెబితే బాగుంటుంది. అందుకే వేరేవాళ్ళు చెబుతారని ఎదురుచూశాను.

ఇల్లు చూడడానికి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఒకే మాట అడిగేవారు. కిటికీ ఏదీ? మా ఆవిడ నవ్వుతూ తీసుకెళ్ళి గాజు తలుపు తెరిచేది. లోపలికి టార్చి వేసేది. 'ముట్టుకోవచ్చండీ, భయం లేదు' అనేది. అందరూ వరసగా వంగి చూసి, అమ్మో నిజంగా గడ్డే అనేవారు. ఎలుకలు రావా, నిప్పంటుకోదా, వాసన రాదా అని ప్రశ్నలు. జవాబులన్నీ మా ఆవిడకు కంఠతా వచ్చు. నేను పక్కనే, గోడకు కాస్త దగ్గరగా, ఎవరైనా ఏమైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా నిలబడి ఉండేవాణ్ణి. ఒకావిడ నన్ను పక్కకు జరగమంది, నా నీడ గడ్డి మీద పడుతోందని.

ఇందులో నేను బాధపడాల్సింది ఏముంది? నిజం కిటికీ వల్ల నాకు కలిగిన మేళ్ళలో పెద్దది వినయం. నా వినయం ఎంత పెరిగిందంటే, దాన్ని నలుగురికీ చూపించుకోవాలని అనిపించేంత! గడ్డిని చూడడానికి క్యూలో నిలబడినవాళ్ళు కాళ్ళు నొప్పెట్టి గోడకు ఆనుకునేవారు. ఏ గోడకు? మూడు పూతల నా గోడకు. చొక్కా వెనక మరక అవుతుందేమోనని వాళ్ళ బాధ. ఒకాయన గొడుగు కొసను సరిగ్గా నేను రెండు రోజులు రుద్ది నున్నగా చేసిన చోట ఆనించి ఫోన్ మాట్లాడాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. మా ఆవిడ తరవాత అడిగింది, పన్ను నొప్పా అని.

అన్నిటికన్నా పెద్ద విజయం మా తోడల్లుడు. వానలు పడి వెలిశాక ఒక ఆదివారం ఆయనా వదినగారూ వచ్చారు. నాకు తెల్లవారుజాము నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. ఇప్పుడు వేలితో తడతాడు, చెవి వేస్తాడు, ఏదో ఒకటి అంటాడు. బాగోలేదన్నా సరే, పరవాలేదు, గోడ గురించి అంటే చాలు. ఆయన లోపలికి వచ్చాడు. గోడ వైపు వేలు కూడా ఎత్తకుండా నేరుగా వెళ్ళి నిజం కిటికీ ముందు నిలబడ్డాడు. తలుపు తీశాడు. గడ్డిని చూశాడు. వేలితో పొడిచాడు. ఇంత వాన పడినా చెమ్మ తగల్లేదంటే నమ్మలేకపోయాడు. ఆ వేలిని వాసన చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వి, మళ్ళీ పొడిచాడు.

ఆ రోజు నుంచి ఆయన మా ఇంటికి ఏజెంటు అయిపోయాడు. సిమెంటు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా మా గడ్డి గురించే చెబుతాడు. చిల్లు చూపిస్తా రండి అని కార్లో ఎక్కించుకుని తీసుకొస్తాడు. తనే తలుపు తీస్తాడు, తనే టార్చి వేస్తాడు. ఎలుకల ప్రశ్నకు ఇప్పుడు ఆయనే జవాబు చెబుతున్నాడు. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, గడ్డి భలే పట్టావు తమ్ముడూ అంటాడు. గడ్డి పట్టడంలో నా గొప్పేముంది? అది పొలంలో పెరిగింది, మెషీన్ కట్టింది!

పాఠకులారా, సత్యానికి నేను వ్యతిరేకిని కాదు. ఈ పాటికి మీకు తెలిసే ఉంటుంది. కానీ నా సందేహం ఒకటి. గోడంతా నేను పూశాను. అరచేయంత చోటు పూయలేదు. లోకం పూసినదాన్ని వదిలేసి పూయనిదాన్ని చూడడానికి వస్తోంది. వంట చేసినవాడి ఎదుట కూర్చుని, పొయ్యి ఎక్కని బియ్యాన్ని మెచ్చుకుంటే ఎలా ఉంటుంది?

ఈ సందేహం తీవ్రంగా ఉన్న ఒక మధ్యాహ్నం మా తోడల్లుడు ఫోన్ చేశాడు. కొత్తగా ఇల్లు కట్టుకోబోయే దంపతులను సాయంత్రం తీసుకొస్తున్నాడట. వచ్చేటప్పుడు దారిలో లైబ్రరీ దగ్గర మా ఆవిడను కూడా ఎక్కించుకుంటాడట. చిల్లు రెడీగా పెట్టు అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆలోచించాను. రోజూ ఇంతమంది చూస్తుంటే సత్యం అలిసిపోదా? దానికి మాత్రం విశ్రాంతి వద్దా? స్క్రూడ్రైవర్ తెచ్చి ఫ్రేమును జాగ్రత్తగా ఊడదీశాను. పాత తువ్వాలులో చుట్టి అలమరలో పెట్టాను. వెనక గదిలో మూత పెట్టిన బకెట్లో మిగిలిపోయిన సున్నం ఉంది. ఇసుక కలిపి, కన్నంలో దట్టించి, ఒక్క పూతతో మూసేశాను. గడ్డిని తడపలేదు. మట్టి ఎక్కించలేదు. గీతలు పెట్టలేదు. నేర్చుకున్నదంతా గాలికి వదిలేశాను. నిజాన్ని కప్పెట్టేవాడికి మూడు పూతల ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

వాళ్ళు వచ్చేసరికి ఆ ముక్క పన్ను వాచినవాడి బుగ్గలా ఉబ్బి, మెల్లగా కిందికి జారుతోంది.

తోడల్లుడు దంపతులను వెంటబెట్టుకుని ఉత్సాహంగా వచ్చి, చెయ్యి చాపి, ఆగిపోయాడు. కన్నం లేదు. దారి తప్పి వేరే ఇంటికి వచ్చానేమో అన్నట్టు ఒకసారి గది చుట్టూ చూశాడు. ఆ తరవాత, నేను ఇన్నాళ్ళుగా కలలు కన్న పని చేశాడు. వేలితో గోడను తట్టాడు. చెవి వేసి విన్నాడు. ఇంకో అడుగు జరిగి మళ్ళీ తట్టాడు. అలా తట్టుకుంటూ వచ్చి ఆ ఉబ్బిన చోట వేలు పెట్టేసరికి వేలు లోపలికి దిగిపోయింది.

"ఈ ముక్క ఎవరు చేశారు తమ్ముడూ?" అన్నాడు వేలు తుడుచుకుంటూ.

నేను సున్నం అంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఎవరైనా సరే, వాడికి మళ్ళీ తాపీ ఇవ్వకు. మిగతా గోడ చూడు ఎలా ఉందో. ఎక్కడ మొదలుపెట్టాడో ఎక్కడ ఆపాడో నాకే తెలియట్లేదు, ఎక్కడా అతుకన్నది లేదు. అంత పనిమంతుడు చేసిన గోడను ఎవడో చేతకానివాడు వచ్చి పాడుచేశాడు."

మా ఆవిడ నా మొహం చూసింది, నా మోచేతుల దాకా ఉన్న సున్నం చూసింది.

"పనిమంతుడూ చేతకానివాడూ ఇద్దరూ ఈయనే బావా," అంది.

ఆయన నమ్మలేదు. మూడో పూతకు నేను ఎవరో చెయ్యి తిరిగిన మేస్త్రీని పెట్టుకుని ఉంటాననుకున్నాడట. నన్ను చూశాడు, గోడను చూశాడు, మళ్ళీ ఆ ముక్కను చూశాడు. నిజానికి ఆ వికారమైన ముక్క పక్కన పెట్టి చూస్తేనే మిగతా గోడ ఏమిటో వాళ్ళ కంటికి ఆనింది. వచ్చిన దంపతులు కూడా ముందు ముక్కను తాకి, తరవాత గోడను తాకి, చెయ్యి తీయకుండా నిలబడిపోయారు. తోడల్లుడు అరచేతిని గోడకు ఆనించి, మెల్లగా పక్క కిటికీ దాకా నడిపించుకుంటూ వెళ్ళాడు. మూల దగ్గర ఆ చెయ్యి దానంతట అదే తిరిగింది.

"ఈ మూల ఇలా గుండ్రంగా ఎలా తిప్పావు తమ్ముడూ?"

జీవితంలో నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే సున్నం పడిందన్నాను. తరవాత చెప్పడం మొదలుపెట్టాను. మోపు అంచును రంపంతో ఎలా వాల్చి కోయాలో చెప్పాను. జాలీని ఎలా వంచాలో చెప్పాను. ప్లాస్టిక్ సీసాను నిలువుగా చీల్చి, ఆ ముక్కతో మూల మీద తడి సున్నాన్ని ఎలా లాగానో చేతులతో చూపించాను. దంపతులు మొదట నిలబడి విన్నారు, తరవాత కూర్చుని విన్నారు, తరవాత ఇంటి దగ్గర పనుందని లేచారు. తోడల్లుడు వాళ్ళను దిగబెట్టి మళ్ళీ వస్తానన్నాడు, రెండో మూల గురించి వినడానికి.

అందరూ వెళ్ళాక మా ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"నా కిటికీ ఏదండీ?"

అలమరలో ఉందన్నాను. ఊరుకుంటే పోయేది, కానీ ఆ సాయంత్రం నాకు ధైర్యం ఎక్కువైంది. ఇన్నాళ్ళ అక్కసు వెళ్ళగక్కాను. వచ్చినవాళ్ళందరూ నీ కిటికీని చూసినవాళ్ళే, నా గోడ వంక చూసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా, నా భుజం ఏమైపోయినా ఎవరికీ పట్టలేదు, నువ్వు మాత్రం రోజూ మెప్పులు పోగేసుకున్నావు అని గడగడా అనేశాను.

ఆవిడ అంతా విన్నది. కోపం తెచ్చుకోలేదు.

"నా కిటికీని ఎవరు చూశారు?" అంది. "వాళ్ళు చూసింది గడ్డిని. ఫ్రేము వంక ఒక్కరైనా చూశారా? ఎవరి సంగతో ఎందుకు, మీరు చూశారా?"

మీతో వాదించి గెలవగలను గానీ, ఆవిడతో కాదు. ఆ ఫ్రేమును నేనే గోడకు బిగించాను, నేనే ఊడదీశాను, తువ్వాలులో చుట్టాను కూడా. చూడలేదు.

అలమర తీసి, తువ్వాలు విప్పి, దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళాను. నాలుగు మూలల్లో ఎక్కడా మేకు లేదు. ఒక చెక్క ఇంకో చెక్కలోకి వెళ్ళి కూర్చుంది. సందులో గోరు కూడా దూరలేదు. లోపలి అంచు, ఎవరి కంటా పడని వైపు, నా గోడకన్నా నున్నగా ఉంది. ఆవిడ వరండాలో చెక్కముక్కలు గీకుతూ కూర్చున్న మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నాకు సిగ్గేసింది.

"మేకు లేకుండా ఈ మూలలు ఎలా కలిపావు?" అని అడిగాను.

ఆవిడ ఫ్రేమును నా చేతిలోంచి తీసుకుని, కుర్చీ లాక్కుని, నన్నూ కూర్చోమంది.